ఎల్ఎంఎన్ ఫేషియల్ పాల్సీ

గుంటూరు కొత్తపేటలో నరాల డాక్టర్ నా చీటీ మీద "లెఫ్ట్ ఎల్ఎంఎన్ ఫేషియల్ పాల్సీ" అని రాశారు. మా బావమరిది ఫోన్‌లో చూసి "బావా, పాల్సీ అంటే పక్షవాతమే" అన్నాడు. వెయిటింగ్ హాల్లోనే మా అమ్మ ఏడుపు అందుకుంది.

వాడు కాకపోయినా ఎవరైనా అదే అనేవాళ్లు. పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తే నీళ్లు ఎడమవైపు నుంచి కారిపోయాయి. ఎడమ కన్ను మూతపడటం లేదు. మూతి కుడివైపుకి లాగేస్తోంది. బస్సు కిటికీలోంచి గాలి కొట్టి ఉంటుందని పక్కింటి పిన్నిగారు అన్నారు. పావురం రక్తం రాయమన్నవాళ్లూ ఉన్నారు. మా ఆవిడ ఎవరి మాటా వినకుండా ఆటో ఎక్కించింది.

డాక్టర్ నా కాళ్లూ చేతులూ, చూపు, నడక అన్నీ చూశారు. చెవిలో పొక్కులేమైనా ఉన్నాయేమోనని లైటు వేసి చూశారు. తర్వాత కనుబొమలు పైకెత్తమన్నారు. కుడివైపు నుదుటి మీద ముడతలు పడ్డాయట, ఎడమవైపు నున్నగా ఉండిపోయిందట. దాంతో ఆయన టెన్షన్ తగ్గింది, నాది పెరిగింది. నుదురు కూడా పోయిందంటే జబ్బు ముదిరినట్టే కదా అనుకున్నాను.

అసలు సంగతి దానికి ఉల్టా. ఎల్ఎంఎన్ అంటే లోయర్ మోటార్ న్యూరాన్. మెదడు ఇచ్చే ఆజ్ఞ మొహానికి రెండు అంచెల్లో వస్తుంది. పై అంచె మెదడులోపలే ఉంటుంది. కింది అంచె మెదడు అడుగున ఉండే మెదడు కాండం దగ్గర మొదలై, మొహం కండరాల దాకా వచ్చే ఏడో నాడి. నుదుటికి మాత్రం మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు అందుతాయి. అందుకని పై అంచెలో స్ట్రోక్, అంటే మా బావమరిది భయపడ్డ పక్షవాతం, వస్తే మూతి వంకరపోయినా నుదురు మామూలుగానే కదులుతుంది. నాడే దెబ్బతింటే నుదురు, కన్ను, మూతి అన్నీ ఒక్కసారే పడిపోతాయి. చూడటానికి ఘోరంగా ఉన్న నా మొహమే నయమన్నమాట. ఇది అద్దం ముందు చూసుకుని ధైర్యం తెచ్చుకునే పరీక్ష మాత్రం కాదు. మెదడు కాండంలో దెబ్బ తగిలితే నుదురు కూడా పోవచ్చు కాబట్టి మూతి వంకరపోగానే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

వేరే కారణమేదీ దొరక్కపోతే దీన్ని బెల్స్ పాల్సీ అంటారు. ఆ బెల్ స్కాట్లాండ్ సర్జన్ చార్లెస్ బెల్. చెవి వెనక ఎముకలోని సన్నటి దారిలోంచి వచ్చే నాడి వాచి నలిగిపోతుంది. ఆ వాపు తగ్గడానికి స్టెరాయిడ్ మాత్రలు మూతి వంకరపోయిన 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. నాకు షుగర్ ఉంది కాబట్టి రోజూ చూసుకుంటూ వేసుకున్నాను.

నేను మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తాని. మిర్చి, బస్తా, బేరం... మా మాటలన్నీ పెదవులు కలిస్తేనే పలుకుతాయి! ఫోన్‌లో రైతులు "తాగావా ఏంది?" అనేవాళ్లు. గోంగూర పచ్చడి నాలుక మీద ఒకవైపే పుల్లగా ఉండేది. రుచి తెలిపే పోగులు కొన్ని ఆ నాడిలోనే వస్తాయి. కుక్కర్ విజిల్ ఎడమ చెవిలో పిడుగు పడ్డట్టు ఉండేది. అన్నిటికన్నా భయం కంటి గురించే. రెప్ప పడకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి, రెప్ప మూసి టేపు అంటించడం మా ఆవిడ పని.

యార్డుకి వేసవి సెలవులిచ్చేసరికి కన్ను మూతపడసాగింది. తర్వాత మూతి సర్దుకుంది. ఇప్పటికీ అన్నం నములుతుంటే ఎడమ కన్ను కాస్త చిన్నదవుతుంది. నాడి మళ్లీ పెరిగేటప్పుడు మూతికి పోవాల్సిన పోగులు కొన్ని కంటికి పోయాయట. దీన్ని సింకైనీసిస్ అంటారు. ఫిజియోథెరపీ ఆవిడ అద్దం ముందు కూర్చోబెట్టి, కన్ను కదలకుండా మూతిని మెల్లగా కదిలించే కసరత్తు నేర్పారు. మొహానికి కరెంటు పెట్టించుకుంటే త్వరగా తగ్గుతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు గానీ, మా డాక్టర్ వద్దన్నారు.