ఇటుక వరుస ఒక మిల్లీమీటరు: లేజర్ కటింగ్‌తో రైల్వే మోడల్ గోడలు

రైల్వే మోడళ్లలో హెచ్‌ఓ స్కేలు అంటే 1:87, అసలు కొలతలో 87వ వంతు. పాత స్టేషన్ భవనాల్లో కనిపించే 9 అంగుళాల ఇటుక ఈ స్కేలులో 2.6 మి.మీ. పొడవే ఉంటుంది. 75 మి.మీ. ఎత్తు ఇటుకకు 10 మి.మీ. దర్జు (ఇటుకల మధ్య సందు) కలిపితే ఒక్కో వరుస ఒక మిల్లీమీటరుకు రవ్వంత తక్కువ. ఇంత సన్నని పనికి చాకు కంటే లేజరే మేలు. అయితే గీసింది గీసినట్టు కోసి ఇస్తుందని నమ్మి డ్రాయింగ్ చేస్తే మాత్రం గోడలు అతకవు.

కారణం కెర్ఫ్. కిరణం కాల్చి తినేసే వెడల్పు అది. దాన్ని ఊహించడం కాదు, కొలవాలి. 100 × 20 మి.మీ. దీర్ఘచతురస్రం గీసి, ప్రతి 10 మి.మీ.కి ఒక అడ్డగీత పెట్టి పది ముక్కలుగా కోయండి. ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి నొక్కిపెట్టి వెర్నియర్ కాలిపర్‌తో మొత్తం పొడవు చూడండి. 98.2 వచ్చిందనుకుంటే, పోయిన 1.8ని పదితో భాగిస్తే కెర్ఫ్ 0.18. ఒక్క ముక్కనే కొలిస్తే ఇంత చిన్న తేడా వెర్నియర్ పట్టుకునే తీరులోనే కలిసిపోతుంది. ఇప్పుడు బయటి అంచుల్ని అందులో సగం, అంటే 0.09 మి.మీ., బయటికి జరపాలి. కిటికీ, తలుపు ఖాళీల్ని అంతే లోపలికి జరపాలి. లేజర్ యంత్రాన్ని నడిపే లైట్‌బర్న్ సాఫ్ట్‌వేర్‌లో కెర్ఫ్ ఆఫ్‌సెట్ ఈ పని చేసిపెడుతుంది కానీ, గీత మూసుకున్న ఆకారం అయి ఉండాలి. షీటు మారినా, ఫోకస్ మారినా మళ్లీ కొలత తప్పదు.

షీటు మందం ఇంకో తంటా. 3 మి.మీ. అని అమ్మే ప్లైవుడ్ 2.7 ఉండొచ్చు, 3.2 ఉండొచ్చు. నాలుగు మూలలా కొలిచాకే, గోడలు ఒకదానిలో ఒకటి దూరే గాడుల వెడల్పు నిర్ణయించండి. హెచ్‌ఓ గోడలకు 2 మి.మీ. ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును నొక్కి చేసిన షీటు) చాలు. దాని మందం ప్లైవుడ్ కంటే నిలకడగా ఉంటుంది, ఇటుక గీతల్లో చెక్క రేఖలు కనబడవు.

మూలల్లో రెండు గోడలు కలిసే పళ్లను ఇటుక వరుసలతో లెక్క కట్టి పెట్టాలి. ఒక్కో పన్ను సరిగ్గా మూడు వరుసల ఎత్తు (2.93 మి.మీ.) ఉంటే అతుకు దర్జు గీతలోకి వెళ్లి దాక్కుంటుంది. ఒక్క వరుస ఎత్తు పళ్లయితే విరిగిపోతాయి. 5 మి.మీ. అని గుండ్రటి అంకె పెడితే అతుకు ఇటుక మధ్యలో పడి, రంగు వేశాక కూడా కనిపిస్తూనే ఉంటుంది.

ఇక దర్జులు. 10 మి.మీ. దర్జు స్కేలులో 0.11 మి.మీ. మామూలు హాబీ యంత్రం ఎం.డి.ఎఫ్. మీద గీసే గీత 0.15 నుంచి 0.2 దాకా ఉంటుంది. అంటే అసలు నిష్పత్తి ఎలాగూ రాదు. కాబట్టి దర్జు వెడల్పంతా పక్కపక్క గీతలతో నింపే ఎన్‌గ్రేవింగ్ జోలికి పోకుండా, ఒంటి గీతనే తక్కువ పవర్‌తో, ఎక్కువ వేగంతో గీయించండి. లోతు తగ్గితే వెడల్పూ తగ్గుతుంది. దర్జుకు తెల్లరంగు వేస్తే గోడ గళ్ల లుంగీలా కనబడుతుంది. ఇటుక రంగుకు దగ్గరగా ఉండే మట్టి బూడిదరంగు చాలు.

మొదట దర్జులు, తర్వాత కిటికీ ఖాళీలు, ఆఖరున బయటి అంచు. ఈ వరుస తప్పితే తెగిన ముక్క కాస్త పక్కకు జరిగి మిగతా గీతలన్నీ వంకరపోతాయి. మసి అంటకుండా ముందువైపు మాస్కింగ్ టేపు వేయమంటారు గానీ, ఇటుక గోడకు అది శిక్షే: వేల టేపు ముక్కల్ని ఒక్కొక్కటిగా పీకాలి. టేపు వెనకవైపు వేయండి. ముందువైపు కోతకు ముందే ఒక పూత సాండింగ్ సీలర్ (చెక్క రంధ్రాలు మూసే పూత) కొట్టి ఆరనిస్తే, మసి పొడి టూత్‌బ్రష్‌తో పోతుంది.

కిటికీ చట్రాలు 300 జి.ఎస్.ఎం. కాగితంలో కోయడం మంచిది. 40 మి.మీ. కమ్మీ స్కేలులో 0.46 మి.మీ. కెర్ఫ్ కలపకుండా గీస్తే అందులో మూడో వంతుకు పైగా కాలిపోతుంది. అద్దాలకు పారదర్శక అక్రిలిక్ వాడాలంటే సి.ఓ.2 లేజర్ కావాలి. నీలి డయోడ్ కిరణం అందులోంచి నేరుగా దాటిపోతుంది. డయోడ్ యంత్రమే ఉంటే ఓ.హెచ్.పి. షీటును (పలచటి పారదర్శక ప్లాస్టిక్) కత్తెరతో కోసుకోవడం నయం.

సన్‌బోర్డ్ మాత్రం యంత్రంలో పెట్టకండి. ఆర్కిటెక్చర్ మోడళ్లలో విరివిగా వాడే ఆ షీటు పి.వి.సి. ఫోమ్. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులకు చేటు, యంత్రంలోని ఇనుము తుప్పు పడుతుంది. తెలియని ప్లాస్టిక్ అయితే రాగి తీగను ఎర్రగా కాల్చి, దానికి తాకించి, కొంచెం అంటుకున్నాక మళ్లీ మంటలో పెట్టండి. మంట పచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టే. ఈ పరీక్ష గాలి ఆడే చోటే చేయండి. మోడలర్లకు ఇష్టమైన స్టైరీన్ షీటు కరిగి అంచులు ముద్దకడుతుంది, దానికి చాకే సరి.

సొంత యంత్రం లేక నేమ్‌బోర్డులు కోసే షాపులో ఇచ్చేవాళ్లు డి.ఎక్స్.ఎఫ్. (డ్రాయింగ్) ఫైలులో ఒక మూల 100 మి.మీ. చతురస్రం పెట్టండి. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ అంగుళానికి 96 పిక్సెళ్లు లెక్కిస్తే, కొన్ని సాఫ్ట్‌వేర్లు 72 అనుకుంటాయి. అప్పుడు భవనం మొత్తం మూడో వంతు పెరిగిపోతుంది. కోత మొదలయ్యేలోపే ఆ చతురస్రం వెడల్పు తెరమీద చూడమనండి.

అతికించే ముందు పళ్ల మీది మసి తుడవాలి, లేకపోతే ఫెవికాల్ పట్టేది మసినే, చెక్కను కాదు. గరుకు కాగితంతో గట్టిగా రుద్దితే మాత్రం కష్టపడి సరిచూసుకున్న కెర్ఫ్ లెక్క పోతుంది. ప్రైమర్ రెండువైపులా కొట్టండి. ఒకవైపే కొడితే 2 మి.మీ. గోడ విల్లులా వంగుతుంది. లోపలి మూలల్లో 5 మి.మీ. చెక్క పట్టీలు నిలువుగా అతికించి, గోడలు పూర్తిగా ఆరాకే బెంగళూరు పెంకుల కప్పు కొలతలు తీసుకోండి. ఆ వరుసలు సుమారు 3.7 మి.మీ. ఎడంతో, సన్న కాగితపు పట్టీలు ఒకదానిపై ఒకటి ఎక్కేలా, చూరు దగ్గర మొదలుపెట్టి పైకి అతికించాలి.