గేటు మోటారులో చీమలు

మొన్న రాత్రి పదకొండింటికి జోరువానలో కారూ మేమూ బయట, స్లైడింగ్ గేటేమో మూరెడు తెరుచుకుని ఆగిపోయింది. రిమోట్ నొక్కితే లోపల టక్‌మంటుంది, అంతే. ఇలాంటప్పుడు మోటారు లాక్ తీసి చేత్తో తోసుకోవడానికి ఒక తాళంచెవి ఇస్తారు కదా, అది ఇంట్లో బీరువాలో ఉంది, భద్రంగా! మా ఆవిడ ఆ సందులోంచే పక్కకి తిరిగి దూరి తెచ్చింది (ఏమందో ఇక్కడ రాయలేను).

పొద్దున మెకానిక్ వచ్చి మెయిన్ ఆపి మూత తీస్తే సర్క్యూట్ బోర్డు మీద చీమల పుట్ట, రిలేల (మోటారుకి కరెంటు ఇచ్చే చిన్న స్విచ్చులు) చుట్టూ తెల్లటి గుడ్లు. వైర్లు వచ్చే కన్నం మూయకుండా వదిలేశారట బిగించినవాళ్లు. బ్రష్‌తో దులిపి, ఆ కన్నాన్ని సిలికాన్‌తో మూశాడు. తర్వాత గేటుని చేత్తో తోసి చూపించాడు, ఇద్దరం పట్టినా కదల్లేదు. కింద పట్టాలో మట్టీ కంకరా, ఒక చక్రం బేరింగ్ పూర్తిగా అరిగిపోయింది. "మోటారు మంచిదే సార్, ఇన్నాళ్లూ గేటుని ఈడ్చుకుంటూ తిరిగింది పాపం" అన్నాడు. పైగా మోటారు చక్రం పట్టుకుని గేటుని లాగడానికి గేటుకి బిగించిన పళ్ల పట్టీకి నేను శ్రద్ధగా పూసిన గ్రీజంతా దుమ్ము పట్టి నల్లటి ముద్దయింది, అదీ గీకించాడు.

తాళంచెవి ఇప్పుడు కారు తాళాల గుత్తిలో ఉంది.