కలడో లేడో: గజేంద్రుని సందేహం

లోకంబులు లోకేశులు
లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్

పోతన భాగవతం అష్టమస్కంధంలోని ఈ కందపద్యాన్ని తెలుగు పిల్లలు అర్థం తెలియక ముందే కంఠస్థం చేస్తారు. లోకాలు నశించాయి, వాటిని ఏలేవారు నశించారు, వాటిలో ఉండేవారూ నశించారు. మిగిలినది పెంజీకటి ఒక్కటే. అక్కడితో ఆగిపోతే దానిని శూన్యమనే అనాలి. కానీ ఆ చీకటికి ఆవల ఒకడు వెలుగుతున్నాడని గజేంద్రుడు అంటున్నాడు.

సంస్కృత మూలంలో ఈ చోట "తమస్తదాసీద్ గహనం గభీరం" అని ఉంది. ఋగ్వేదం పదవ మండలంలోని 129వ సూక్తం, అంటే నాసదీయ సూక్తం, మొదటి మంత్రంలోనే ఈ "గహనం గభీరం" వినిపిస్తుంది. అప్పుడు అసత్తూ (లేనిదీ) లేదు, సత్తూ (ఉన్నదీ) లేదు అని మొదలయ్యే ఆ ఏడు మంత్రాల సూక్తం, పరమవ్యోమంలో, అంటే అత్యున్నత ఆకాశంలో, ఉన్న అధ్యక్షునికైనా ఈ సృష్టి ఎలా కలిగిందో తెలుసునో, తెలియదో అనే సందేహంతో ముగుస్తుంది. సృష్టికి ముందున్న స్థితిని గురించి ఋషి వాడిన మాటలే ప్రళయానంతర స్థితిని చెప్పే వేళ ఏనుగు నోట పలికాయి. ఋషిని వదలని సందేహం ఏనుగునూ వదలలేదు.

ఈ స్తోత్రం గజేంద్రుడు పూర్వజన్మలో, ఇంద్రద్యుమ్న మహారాజుగా ఉన్నప్పుడు నేర్చుకున్నదని మూలం చెబుతుంది. అంటే అది అభ్యాసంతో వచ్చిన జ్ఞానం. అందులో పరమాత్మ స్త్రీ కాదు, పురుషుడు కాదు, దేవతా కాదు, మనిషీ కాదు, సత్తు కాదు, అసత్తూ కాదు; అన్నింటినీ కాదనగా మిగిలేవాడు, "నిషేధశేషుడు". పోతన దీనిని "వెనుక నన్నియు దానగు విభు దలంతు" అని తెలుగు చేసి, మూలంలో లేని పద్యమొకటి ఆ పక్కనే పెట్టాడు:

కలడందురు దీనుల యెడ
గలడందురు పరమయోగి గణముల పాలం
గలడందు రన్ని దిశలను
గలడు కలండనెడువాడు గలడో లేడో?

దీనిని భక్తుని విశ్వాసం ఒక క్షణం సడలిన చోటుగా చెప్పడం పరిపాటి. నాకు అలా తోచదు. సత్తనీ అసత్తనీ చెప్పరానివాడని ఇప్పుడే పలికిన నోటికి, "కలడు" అని సాక్ష్యం చెప్పే వీలు ఎక్కడ మిగిలింది? పైగా మూడు పాదాల్లోనూ ఉన్నది "అందురు" అనే. ఉన్నాడని అనేవారంతా ఇతరులే. వేయి సంవత్సరాలు మొసలితో పోరాడిన ప్రాణికి ఇతరుల మాట చాలదు.

ఆ తరువాతి "లావొక్కింతయు లేదు" పద్యాన్ని మొదటి పద్యం పక్కన పెట్టి చదవాలి. అక్కడ లోకాలు, లోకేశులు, లోకస్థులు వరుసగా తెగిపోయారు. ఇక్కడ బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు ఠావులు తప్పాయి, మూర్ఛ వచ్చింది, తనువు డస్సింది. ప్రళయం ఆ ఏనుగు ఒంట్లోనే జరుగుతోంది. అన్నీ తీసివేయగా మిగిలేవాడని తాను వల్లించినది ఇప్పుడు తన మీదికే వచ్చింది. "నీవే తప్ప నితఃపరం బెరుగ" అన్నప్పుడు, ఇంతవరకు "ఎవ్వండు", "అతని" అని ఎక్కడో దూరాన ఉన్నవాడు "నీవు" అయ్యాడు. ఉన్నాడా, లేడా అన్న ప్రశ్నకు గజేంద్రుడు జవాబు కనుగొన్నాడని పోతన ఎక్కడా అనలేదు. ప్రశ్న అడిగేందుకు వేరుగా నిలిచిన "నేను" అలసిపోయిందని మాత్రం ఒక్కొక్క అవయవంగా చూపించాడు.

ఆ మొరను బ్రహ్మాదులు కూడా విన్నారు. విశ్వమయత, అంటే విశ్వమంతా తానే అయి ఉండే గుణం, లేనందువల్ల వారు ఊరకుండిపోయారని, విశ్వమయుడైన విష్ణువు మాత్రమే అడ్డపడ తలచాడని పోతన చెబుతాడు. లోకేశులు సైతం తెగిన తరువాత మిగిలేవాడిని ఉద్దేశించిన పిలుపుకు లోకేశులు ఎలా పలుకుతారు?