పస్సౌలో నాన్న కొలిచిన వరద

జూన్‌లో కూడా స్వెట్టర్ కావాలని ఫోన్‌లో నాలుగుసార్లు చెప్పాను, నాన్న నమ్మలేదు. భద్రాచలంలో రోహిణి కార్తె ఎండలు భరించి వచ్చిన మనిషికి జూన్‌లో చలేమిటి? తీరా మ్యూనిక్‌లో రైలెక్కే పొద్దున 12 డిగ్రీలు, పైగా సన్నటి ముసురు. నా జాకెట్ ఆయనకిచ్చి నేను శాలువా కప్పుకున్నాను.

జర్మనీలోనే పస్సౌ అని, మూడు నదులు కలిసే ఊరు ఒకటుందని చెప్పగానే కోటలూ మ్యూజియంలూ ఏవీ వద్దు, అక్కడికే పోదామన్నారు. బవేరియా రాష్ట్రమంతా లోకల్ రైళ్లలో రోజంతా తిరిగే బయర్న్ టికెట్ మామూలు రోజుల్లో తొమ్మిది దాటాకే చెల్లుతుంది కాబట్టి ఆ తర్వాతి రైలే ఎక్కాం. ప్లాట్‌లింగ్ దాటేదాకా నాన్న నిద్రపోయారు. పస్సౌలో దిగి టాయిలెట్‌కు ఒక యూరో కట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం బాగా కోపం వచ్చింది ఆయనకు. రూపాయల్లోకి మార్చి చూసుకోవద్దని ఎంత చెప్పినా ఆగదు కదా.

పాత ఊరంతా ఒక సన్నటి కొండ నాలుక మీద ఉంది. ఎడమ పక్క డాన్యూబ్ నది, కుడి పక్క ఇన్ నది. మధ్యలో ఎత్తు మీద పెద్ద చర్చి. నేరుగా కొసకు వెళ్లి సంగమం చూడాలనుకున్నాం కానీ వాన పెద్దదయ్యింది. డాన్యూబ్ ఒడ్డునే ఉన్న టౌన్‌హాల్ దగ్గర గోడవార నిలబడ్డాం. అక్కడే చూశారు నాన్న, ఆ గీతల్ని.

టౌన్‌హాల్ గోడ మీద వరద గుర్తులు. ఒక్కో గీత పక్కన ఒక్కో సంవత్సరం. అన్నిటికన్నా పైన 1501, దాని కింద 2013, ఇంకా కింద 1954. నాన్న గోడకు ఆనుకుని, మునివేళ్ల మీద లేచి, చెయ్యి పైకి చాచారు. 2013 గీత అందలేదు. ఎన్ని మీటర్లని అడిగారు. 12.89 అని చెప్పాను. మనసులో లెక్క వేసుకుని, "అంటే 42 అడుగులేనా అమ్మా? మన దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక కూడా రాదు కదా!" అన్నారు.

భద్రాచలం వాళ్లకు ఆ అంకెలు ఎక్కాల్లాంటివి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు. 2022 జూలైలో 71.3. ఆ జూలైలో నేను ఇక్కడ ఆఫీసులో కూర్చుని, గంటగంటకూ నీటిమట్టం ఎంతయిందో ఫోన్‌లో చూసుకుంటూ ఉన్నాను. అమ్మానాన్నలను అప్పటికే కొత్తగూడెం పంపేశారు మామయ్య. అయినా రెండు రాత్రులు కన్ను మూత పడలేదు.

42 అడుగులంటే లోతు కాదనీ, నీటిమట్టం కొలిచే గేజ్‌కు సున్నా ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి ఒక్కో ఊరి అంకె ఒక్కోలా ఉంటుందనీ నేను చెప్పబోయేలోపే ఆయనకు తట్టింది. మళ్లీ గీత వంకా, కింద పారుతున్న నది వంకా చూసి మాట్లాడకుండా ఉండిపోయారు. గీత దాకా నీళ్లొస్తే ఆ వీధిలో ఏ దుకాణమూ మిగలదు. చూస్తే తెలిసిపోతుంది.

వాన తగ్గేలా లేదని పక్క సందులో ఒక చిన్న బేకరీలోకి వెళ్లాం. రెండు కాఫీలు, ఒక కేకు ముక్కకు పన్నెండు యూరోలు. కానీ ఆ గంటసేపటి కోసం ఇంకో పన్నెండు కూడా ఇచ్చేదాన్ని. కౌంటర్ వెనక అరవై దాటిన ఆవిడ. నాన్న వణుకు చూసి, జూన్ నడుమ వచ్చే ఈ చలికి షాఫ్స్‌కెల్టె అని పేరుందని చెప్పింది. గొర్రెల చలి. అప్పుడే ఉన్ని కత్తిరించిన గొర్రెలు ఈ చలికి వణుకుతాయట. నాన్నకు ఆ మాట తెగ నచ్చింది. మన గొల్లకురుమలకు చెప్పాలి అన్నారు.

నాన్న కళ్లు మాత్రం గోడ మీద ఉన్నాయి. స్విచ్‌బోర్డులూ ప్లగ్గులూ అన్నీ భుజం ఎత్తున బిగించి ఉన్నాయి. ఫ్రిజ్ కింద చక్రాలు. "వరదకేనా అని అడుగు" అన్నారు. అడిగాను. ఆవిడ చేతిలో గుడ్డ పక్కన పెట్టి బయటికొచ్చి మా దగ్గర కూర్చుంది.

2013 మే ఆఖరున రోజుల తరబడి వాన. నేల అప్పటికే నానిపోయి ఇంక చుక్క పీల్చుకునేలా లేదు. మధ్యధరా వైపు నుంచి వచ్చిన తేమ ఆల్ప్స్ తూర్పు అంచును చుట్టి, ఉత్తరం వైపు నుంచి కొండలకు తగిలి అక్కడే కురిసింది. జూన్ 3న నీళ్లు ఆ గీతను తాకాయి. ఊరినిండా నీళ్లు, కుళాయిలో చుక్క లేదు. ఆవిడ దుకాణంలో పైకప్పు తప్ప అన్నీ మునిగాయి. తర్వాత యూనివర్సిటీ పిల్లలు వందల మంది పారలు పట్టుకుని వచ్చి ఇంటింటా బురద ఎత్తారని చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారింది. 2024 జూన్‌లో మళ్లీ పది మీటర్ల దాకా వచ్చింది. ఈసారి ఫ్రిజ్ తోసుకుంటూ పైకి వెళ్లిపోయిందట.

నేను తెలుగులోకి చెప్పడం పూర్తికాకముందే నాన్న, "నీళ్లు తీస్తున్నప్పుడే కడుక్కోవాలమ్మా, ఎండితే పారకు కూడా రాదు" అన్నారు. ఆవిడకు చెప్పాను. ఆవిడ బల్ల మీద చేత్తో కొట్టి "గెనావ్! గెనావ్!" అంది. సరిగ్గా అదే, అని. తర్వాత ఇద్దరూ నన్ను వదిలేసి చేతులతోనే మాట్లాడుకున్నారు: మోకాలి దాకా బురద, వాసన, తలుపులు ఉబ్బిపోవడం. 86లో మన ఇంట్లో బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించిన సంగతి నాన్న అభినయించి చూపిస్తే ఆవిడకు నా అవసరమే లేకుండా అర్థమైంది.

మూడున్నరకు వాన ఆగింది. కొస దాకా నడిచాం. ఇన్ నీళ్లు బూడిద కలిపిన ఆకుపచ్చ. ఆల్ప్స్ హిమానీనదాలు నూరిన రాతిపొడి అది. ఎండాకాలంలో మంచు కరిగి నిండుగా వస్తుంది. అవతలి నుంచి మూడో నది ఇల్జ్, బవేరియా అడవుల్లోని చిత్తడి నేలల రంగు పట్టి నల్లగా, డికాక్షన్‌లా ఉంది. మధ్యలో డాన్యూబ్ ఆ రోజు వాన మట్టితో గోధుమ రంగు. ఏడాది సగటున డాన్యూబ్ కన్నా ఎక్కువ నీళ్లు తెచ్చేది ఇన్నే, పేరు మాత్రం డాన్యూబ్‌కే మిగిలింది. ఇన్ వెడల్పు, లోతు తక్కువ. అందుకని దాని ఆకుపచ్చ నీళ్లు పైపైన పరుచుకుని చాలా దూరం విడిగా కనిపిస్తాయి.

"కూనవరంలో శబరి ఇట్లానే కదా" అన్నారు నాన్న. నిజమే. తేటగా వచ్చే శబరి, మట్టి రంగు గోదారి. శబరి పొంగితే గోదారి కిందికి పోలేక వెనక్కి తన్నుతుంది, భద్రాచలంలో నీళ్లు దిగడానికి రోజులు పడుతుంది. ఇక్కడా ఇన్ పోటెత్తితే డాన్యూబ్‌కు దారి దొరక్క ఊళ్లోకి ఎగదన్నుతుంది. బేకరీ ఆవిడ చెప్పినప్పుడు నాకు సగమే అర్థమైంది. ఆ కొసన నిలబడితే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

నాన్న చెప్పులు విప్పి మెట్లు దిగారు. తడి మెట్లు, జారతారని నాకు భయం. వంగి మూడు వేళ్లతో నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకున్నారు, తర్వాత పైకొచ్చి నా నెత్తిన కూడా. చల్లటి నీళ్లు చెవి వెనక నుంచి శాలువాలోకి జారాయి.

తిరిగి స్టేషన్‌కు పోతూ మళ్లీ టౌన్‌హాల్ దగ్గర ఆగమన్నారు. గోడ పక్కన చెయ్యెత్తి నిలబడితే ఫొటో తీశాను. రైల్లో కూర్చోగానే దాన్ని మామయ్యకు పంపించి, కింద అడుగుల లెక్క రాయమన్నారు. 42 అని రాశాను. కాసేపు చూసి, "గేజ్ వేరు అని కూడా రాయి అమ్మా, లేకపోతే తక్కువనుకుంటాడు" అన్నారు.