పాత సైకిల్ ఫ్రేమ్ మీద క్రోమ్: తుప్పు ఎక్కడిది, ఎలా వదిలించాలి

పాత సైకిల్ ఫోర్క్ చివర్లలో, చైన్ స్టేల (పెడల్ దగ్గరి నుంచి వెనక చక్రం దాకా వెళ్లే కింది గొట్టాల) మీద గోధుమరంగు చుక్కలు కనబడగానే క్రోమ్ తుప్పు పట్టిందంటారు. క్రోమియం అలా తుప్పు పట్టదు. పట్టేది అడుగునున్న ఉక్కు. మెరిసే క్రోమ్ పొర మందం సాధారణంగా అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. దాని కింద దాదాపు 10 నుంచి 20 మైక్రాన్ల నికెల్ ఉంటుంది. ఉక్కుని నిజంగా కాపాడేది ఈ నికెలే. అందులోని సన్నటి రంధ్రాల గుండా తేమ దిగితే ఉక్కు తుప్పుపట్టి, ఆ తుప్పు పైకి ఉబికి చుక్కగా కనిపిస్తుంది.

అందుకే ముందు చూడాల్సింది పూత నిలిచి ఉందా లేదా అని. చుక్క అంచున గోరుతో గీరండి. గట్టిగా ఉంటే బాగుపడుతుంది. పొలుసులా లేస్తే, బుడగలా ఉబ్బి ఉంటే ఏ పాలిష్ వేసినా లాభం లేదు. మెరుపులో లేత పసుపు ఛాయ ఉన్నచోట క్రోమ్ అరిగిపోయి నికెల్ బయటపడిందన్నమాట. అక్కడ రుద్దడం బాగా తగ్గించాలి.

రంగు వేసిన భాగం పక్కనే ఉంటే అంచున మాస్కింగ్ టేపు అంటించండి. తర్వాత రుద్దబోయే అల్యూమినియం ఫాయిల్ రంగుని గీస్తుంది. సబ్బునీళ్లతో కడిగాక, వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని చిన్న ఉండగా నలిపి, నీళ్లలో ముంచి, చిన్న చిన్న వలయాల్లో రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి పూతని గీయదు, తుప్పుని మాత్రం లాగేస్తుంది. రుద్దేకొద్దీ బూడిదరంగు ముద్ద వస్తుంది. ఉండ నల్లబడగానే కొత్తది తీసుకోండి. ముద్ద ఆరకముందే తుడిచేయండి, లేకపోతే మొండిగా అంటుకుపోతుంది. ఇంకా మొండిగా ఉన్న చుక్కలకి కాస్త నూనెతో 0000 నంబరు స్టీల్ ఊల్ (అతి సన్నటి ఉక్కు పీచు) వాడొచ్చు. ముతక స్టీల్ ఊల్, ఇసుక కాగితం మాత్రం వద్దు, ఆ గీతలు ఇక పోవు.

తుప్పు విస్తారంగా ఉన్న ఫోర్క్‌ని విడిగా తీసి, లీటరు నీళ్లకి 10 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ కలిపి నానబెట్టడం మంచి పద్ధతి. అల్యూమినియం భాగాలు ఏవీ అందులో ఉండకూడదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి, పొడి ఎగరనివ్వకండి, అది విషం. రెండు గంటలకోసారి తీసి చూడండి. ఎక్కువసేపు ఉంచితే పసుపు మరక తేలుతుంది. తర్వాత వంటసోడా నీళ్లతో, మళ్లీ మంచినీళ్లతో కడగండి. గొట్టాల లోపల నీరు నిలవకుండా తలకిందులుగా పెట్టి ఆరబెట్టండి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ జోలికి పోవద్దు, అది క్రోమ్‌నే కరిగించేస్తుంది.

చుక్క పోయినచోట సూదిమొనంత గుంట మిగులుతుంది. అది పూడదు. అక్కడ ఉక్కు బయటే ఉంటుంది గనుక పూర్తిగా ఆరాక కార్ వ్యాక్స్ రెండు పూతలు వేసి, వాడకాన్ని బట్టి కొన్ని నెలలకోసారి మళ్లీ వేయాలి. క్లియర్ లక్కర్ కొట్టొద్దు: నునుపైన క్రోమ్‌ని అది సరిగా పట్టదు, ఎక్కడైనా లేస్తే తేమ దాని కిందే నిలుస్తుంది.

పొలుసులు లేచిన ఫ్రేమ్‌కి మిగిలేది కొత్త ప్లేటింగే. పాత పూత తీసి పాలిష్ చేసేటప్పుడు లోహం అరుగుతుంది. బటెడ్ గొట్టం (చివర్లు మందంగా, నడుమ పలచగా ఉండేది) నడిమి మందం అర మిల్లీమీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. లగ్గుల (గొట్టాలు కలిసేచోట ఉండే లోహపు తొడుగుల) అంచులు మొద్దుబారతాయి, ఫ్రేమ్ నంబరు చెరిగిపోవచ్చు. గొట్టాల్లో యాసిడ్ మిగిలితే ఫ్రేమ్ లోపలి నుంచి పోతుంది. కాబట్టి ఇచ్చేముందే అడగండి: నంబరుని ఎలా కాపాడతారు, గొట్టాల లోపల ఎలా కడుగుతారు, ప్లేటింగ్‌లో ఉక్కులోకి చేరి దాన్ని పెళుసుగా మార్చే హైడ్రోజన్ పోవడానికి తర్వాత వేడి చేస్తారా అని. సూటిగా జవాబు రాకపోతే ఫ్రేమ్ ఇవ్వకండి.