నాన్నకు మింగే పరీక్ష చేయించాం: నా అనుభవం

పక్షవాతం వచ్చాక నాన్నకు నీళ్లు తాగినప్పుడల్లా పొలమారేది. వయసు కదా, మామూలే అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. నాకు టెన్షన్ తగ్గలేదు, డాక్టర్‌ని అడిగి మరీ స్పీచ్ థెరపిస్ట్‌కి రాయించుకున్నాను, ఎందుకంటే మాటతో పాటు మింగడం కూడా చూసేది వాళ్లే.

మొదటి పరీక్ష మంచం దగ్గరే. నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కాసిని నీళ్లు పోసి, గొంతు మీద వేళ్లు పెట్టి గుటక ఎలా పడుతోందో చూశారు, ఆ వెంటనే "ఆ..." అనమన్నారు. గొంతు గరగరలాడితే నీళ్లు పూర్తిగా దిగలేదేమోనని అనుమానించాలట. తర్వాత ఎక్స్‌రేలో కనిపించే బేరియం అనే పదార్థం కలిపి మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీశారు. అందులో కొంత శ్వాసనాళంలోకి జారడం తెర మీద కనిపించింది, కానీ నాన్న ఈసారి దగ్గనే లేదు! నన్ను బాగా భయపెట్టింది అదే. దగ్గు రాలేదు కాబట్టి అంతా బాగుందని అనుకోవడానికి లేదన్నమాట.

గొంతుకు అడ్డం పడటమంటే అందరికీ చిన్నపిల్లలే గుర్తొస్తారు. ఐదేళ్లలోపు వాళ్లకు గింజలు, నాణేలు, బెలూన్ ముక్కలతో ప్రమాదం ఎక్కువే. అయితే అమెరికాలో 2015లో ఇలా చనిపోయిన 5,051 మందిలో 2,848 మంది 74 ఏళ్లు దాటినవాళ్లు, అంటే సగానికి పైనే. పక్షవాతం, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), డిమెన్షియా (మతిమరుపు జబ్బు), పళ్లు లేకపోవడం, మత్తునిచ్చే మందులు, వీటిలో ఏది ఉన్నా పెద్దవాళ్లు తినేటప్పుడు పక్కన ఒకరు ఉండాలి.

నాన్న తాగేవన్నీ పొడి కలిపి చిక్కగా చేసి ఇమ్మన్నారు. గడ్డం కిందికి దించి మింగమన్నారు, అది ఆయనకు పనిచేస్తుందని వీడియోలో చూశాకే చెప్పారు, కాబట్టి ఇది చదివి మీవాళ్లకు అలాగే చేయించకండి, పరీక్ష చేయించండి.

అడ్డం పడితే ఏం చేయాలో కూడా నేర్పించారు. దగ్గగలిగితే దగ్గనివ్వాలి. దగ్గు, మాట, ఊపిరి ఆగిపోతే అంబులెన్స్‌కి ఫోన్ చేయమని ఒకరికి చెప్పి, మనిషిని ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతి కింది భాగంతో 5 సార్లు గట్టిగా కొట్టాలి, అప్పటికీ రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి, బయటికి వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. స్పృహ తప్పితే సీపీఆర్ (ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం) మొదలుపెట్టాలి. ఏడాదిలోపు పిల్లలకు పొట్ట నొక్కకూడదు, ఛాతీ మీదే నొక్కాలి.

మొన్న మళ్లీ వీడియో తీసి, పొడి కాస్త తగ్గించమన్నారు. మామూలు నీళ్లు మాత్రం ఇంకా వద్దన్నారు.