లెబ్రాన్ చదివిన బడి, మా ఊరి బడి

నేను ఉండేది ఈశాన్య ఒహాయోలో, వేన్ కౌంటీలోని ఓ చిన్న ఊళ్లో. యాక్రన్ యూనివర్సిటీలో పాలిమర్ ఇంజనీరింగ్ చదివి, రబ్బరు సీళ్లు, గ్యాస్కెట్లు తయారుచేసే ప్లాంట్‌లో ప్రాసెస్ ఇంజనీర్‌గా చేరాను. నాతో చదివిన మనవాళ్లు చాలామంది కోడింగ్ నేర్చుకుని కొలంబస్‌కో డల్లాస్‌కో వెళ్లిపోయారు. నేను మౌల్డింగ్ ప్రెస్సుల దగ్గరే ఉండిపోయాను. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. రోడ్డు మీద, కార్లు నడపని ఆమిష్ మతస్థుల గుర్రబ్బళ్లు.

ఇలాంటి ఊళ్లో ఆగస్టు చివర నుంచి నవంబర్ దాకా శుక్రవారం రెండో షిఫ్ట్‌కి మనుషుల్ని కుదర్చడమే సూపర్‌వైజర్‌కి పెద్ద తలనొప్పి. ఆ సాయంత్రం హైస్కూల్ ఫుట్‌బాల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్, ఉంటుంది. తాత ఆడిన మైదానంలోనే మనవడు ఆడుతుంటాడు, నానమ్మ పాప్‌కార్న్ అమ్ముతుంటుంది, ఊరు మొత్తం అక్కడే. చేరిన కొత్తలో నాకు పెళ్లి కాలేదు, ఆ ఆట అర్థమయ్యేది కాదు. ఆ షిఫ్ట్‌లో లైన్ నేను చూసుకుంటానని ముందుకొచ్చేవాణ్ణి. ప్లాంట్‌లో వాళ్లు నన్ను తమలో కలుపుకున్నది అలాగే. ఎవరి కొడుకు ఏ పొజిషన్‌లో ఆడతాడో, ఎవరి కూతురు వాలీబాల్‌లో సెట్టరో అన్నీ సోమవారం లంచ్‌రూంలో తెలిసిపోయేవి.

ఆ లంచ్‌రూంలో ఏటా తెగని గొడవ ఒకటుంది. చిన్న బడుల డివిజన్లలో ప్రైవేటు బడులు ఆడటం న్యాయమా?

ఒహాయోలో హైస్కూల్ ఆటలను నడిపే సంఘం 1907లో ఏర్పడింది. పబ్లిక్ బడులు, అంటే ప్రభుత్వ బడులు, ప్రైవేటు బడులు రెండూ అందులో సభ్యులే. బడిలో పిల్లల సంఖ్యను బట్టి డివిజన్లు చేస్తారు. ఫుట్‌బాల్‌కి 2013 నుంచి ఏడు డివిజన్లు ఉన్నాయి. అట్టడుగు డివిజన్‌లో, లెక్కలోకి తీసుకునే మూడు తరగతులూ కలిపినా వంద మంది మగపిల్లలు లేని బడులు చాలా కనిపిస్తాయి. చిన్న బడి చిన్న బడితోనే ఆడాలన్నది దాని ఉద్దేశం. కానీ తలల లెక్క చెప్పని సంగతి ఒకటుంది. ఆ వంద మంది ఎక్కడి నుంచి వచ్చారు?

మా సూపర్‌వైజర్ మాట సూటిగా ఉంటుంది. "మా ఊళ్లో ఎవరు పుడితే వాళ్లే మా టీం. ఆ ప్రైవేటు బడులకి ముప్ఫై మైళ్ల చుట్టూ పుట్టిన పిల్లలంతా వాళ్ల టీమే. ఇద్దరి దగ్గరా వంద మందే ఉన్నారంటే సమానమైపోతామా?"

ఆయన చెప్పే ఉదాహరణ ఎప్పుడూ ఒకటే. మా ఊరికి కూతవేటు దూరంలో ఉన్న యాక్రన్‌లో సెయింట్ విన్సెంట్-సెయింట్ మేరీ అనే కేథలిక్ హైస్కూల్ ఉంది. బాస్కెట్‌బాల్ స్టార్ లెబ్రాన్ జేమ్స్ చదివింది అక్కడే. చిన్నప్పటి నుంచి కలిసి ఆడిన స్నేహితులతో పాటు బుక్‌టెల్ అనే పబ్లిక్ స్కూల్‌కి వెళ్తాడని ఊరంతా అనుకున్నారు. ఆ కుర్రాళ్లు మాత్రం అందరూ కలిసి కేథలిక్ స్కూల్‌లో చేరారు. 2000లో, 2001లో ఆ బడి డివిజన్ III బాస్కెట్‌బాల్ ఛాంపియన్ అయింది. ఫైనల్లో ఓడిన బడులు చూడండి. ఒక ఏడు జేమ్స్‌టౌన్ గ్రీన్‌వ్యూ, ఇంకో ఏడు క్యాస్‌టౌన్ మయామీ ఈస్ట్. రెండూ చేల మధ్య పల్లెల పబ్లిక్ బడులు. ఆ పల్లెల నుంచి రాష్ట్ర ఫైనల్ దాకా రావడమంటే ఒక తరానికి ఒకసారి జరిగే సంగతి. తీరా వచ్చాక ఎదురుగా నిలబడింది, రెండు మూడేళ్లలో అందరికంటే ముందు ఎంపికై నేరుగా ఎన్‌బీఏ ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్లబోయే కుర్రాడు. తర్వాత ఆ బడి ఇంకాస్త పెద్ద బడులుండే డివిజన్ IIకి మారింది. 2002 ఫైనల్లో దాన్ని ఓడించింది సిన్సినాటీలోని రోజర్ బేకన్, 2003లో దాని చేతిలో ఓడింది కెట్టరింగ్‌లోని ఆల్టర్. ఆ రెండూ కూడా కేథలిక్ బడులే.

ఆ మాట విన్న రోజు రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. మా పెద్దన్నయ్య ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. "అన్నయ్యా, ఇక్కడ ఇదీ గొడవ" అని చెప్పానో లేదో, "ఒరేయ్, ఇది నాకు చెప్తావేంట్రా?" అన్నాడు. "మండలంలో లెక్కల్లో చురుగ్గా ఉన్నవాణ్ణి టెన్త్ అవగానే కార్పొరేట్ కాలేజీ వాళ్లు ఫీజు లేకుండా తీసుకుపోతారు. రెండేళ్ల తర్వాత వాడి బొమ్మ బస్టాండ్ ఎదురుగా ఫ్లెక్సీలో ఉంటుంది. పునాది మాది, ఫ్లెక్సీ వాళ్లది." కాసేపు ఆగి ఇంకో మాటన్నాడు. "అయినా వాణ్ణి వెళ్లొద్దని నేను ఏ మొహం పెట్టుకుని చెప్పనురా? వాళ్ల నాన్న కౌలు రైతు."

నన్ను పట్టుకున్నది ఆ రెండో మాటే. యాక్రన్‌లో లెబ్రాన్, వాళ్లమ్మ అద్దె ఇళ్లు మారుతూ బతికిన సంగతి అందరికీ తెలుసు. అలాంటి పిల్లవాడు తన స్నేహితులతో కలిసి తనకు నచ్చిన బడికి వెళ్తే తప్పేముంది? ఆ కుర్రాడికి దొరికిన అవకాశమూ నిజమే, గ్రీన్‌వ్యూ పిల్లలకు జరిగిన అన్యాయమూ నిజమే. తప్పు ఆ కుర్రాడిది కాదు, అతని బడిని చిన్న బడిగా లెక్కపెట్టిన పద్ధతిది.

మా క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ ఈ మాట ఇంకోలా చెప్తుంది. ఆవిడ కూతురు ఇక్కడికి దగ్గర్లోని కేథలిక్ స్కూల్లో చదువుతోంది. శనివారాల ఓవర్‌టైం డబ్బంతా ఫీజుకే పోతుంది. "మా బడి ఎవరినీ ఎత్తుకురాలేదు. ఫుట్‌బాల్ టీంకి మనుషులు చాలక తొమ్మిదో తరగతి పిల్లల్ని దింపుతారు. పెద్ద పేరున్న నాలుగు బడుల్ని చూసి మమ్మల్నీ దొంగల్లో కలిపేస్తారా?" అని అడుగుతుంది. ఆటల కోసం పిల్లల్ని రప్పించుకోవడం నిబంధనల ప్రకారం నిషేధమే. ప్రైవేటు బడులు చాలావరకు ఆవిడ చెప్పినట్టే ఉంటాయి, గెలిచేవి కొన్నే. కానీ మొత్తం మీద చూస్తే, రాష్ట్రంలో దాదాపు ఆరో వంతుగా ఉన్న ప్రైవేటు బడులు టైటిళ్లలో ఆ వాటాకి రెండింతలకు మించి పట్టుకుపోతున్నాయన్న లెక్కే పద్ధతి మార్చాలన్న ఉద్యమాన్ని పుట్టించింది. దాన్ని మొదలుపెట్టింది మా వేన్ కౌంటీలోని పబ్లిక్ బడుల అధికారులే.

ప్రైవేటు బడుల్ని పూర్తిగా వేరుచేయాలన్న ప్రతిపాదన 1978లో, 1993లో ఓటుకు వచ్చి ఓడిపోయింది. ఇక్కడ ఓటు వేసేది సభ్య బడుల ప్రిన్సిపల్స్. తర్వాత వేరుచేయడం మానేసి లెక్క మార్చుదామన్నారు. 2011, 2012, 2013 మూడేళ్లూ ఓడిపోయి, 2014లో నెగ్గారు. 2017–18 నుంచి అమల్లోకి వచ్చింది.

మిగతా రాష్ట్రాలు రకరకాల దారులు తొక్కాయి. ఇల్లినాయ్‌లో 2005లో ప్రైవేటు బడి పిల్లల సంఖ్యను 1.65తో గుణించడం మొదలుపెట్టారు. ఇండియానాలో వరుసగా గెలిచే బడిని పైకి తోస్తారు. టెనెసీ 1997లో రెండుగా చీల్చింది. న్యూజెర్సీలో ఛాంపియన్‌షిప్‌లే వేరు. నాకు వీటిలో ఏదీ పూర్తిగా నచ్చలేదు. 1.65 అనే అంకెను అన్ని ప్రైవేటు బడులకూ వేస్తే, మా ల్యాబ్ ఆవిడ కూతురి బడినీ, నలుగురు స్టార్లున్న బడినీ ఒకేలా శిక్షిస్తుంది.

ఒహాయో లెక్క వేరు. ఇక్కడ ప్రైవేటు బడి అయినంత మాత్రాన సంఖ్య పెంచరు. టీంలో ఉన్న ఒక్కొక్క పిల్లవాణ్ణి చూస్తారు. ఏడో తరగతి నుంచి ఇదే వ్యవస్థలో చదువుతున్నాడా, బయట నుంచి వచ్చాడా అని చూసి, బయటి నుంచి వచ్చినవాళ్లను ఎక్కువ చేసి లెక్కిస్తారు. ఆటను బట్టి ఆ గుణకం మారుతుంది. ఫుట్‌బాల్‌లో తక్కువ, బాస్కెట్‌బాల్, సాకర్ లాంటి వాటిలో ఎక్కువ. అందులో నిజముంది. పదకొండు మంది ఒకేసారి దిగే ఫుట్‌బాల్‌లో ఒక్కడి వల్ల అంతా మారదు, ఐదుగురే ఆడే బాస్కెట్‌బాల్‌లో ఒక్కడు వచ్చినా ఆట తలకిందులవుతుంది. ఈ లెక్క పబ్లిక్ బడులకూ వర్తిస్తుంది, ఎందుకంటే ఒహాయోలో చాలా పబ్లిక్ స్కూల్ జిల్లాలు పక్క స్కూల్ జిల్లాల పిల్లల్ని కూడా చేర్చుకుంటాయి. నా మట్టుకు నేను చూసినవాటిలో ఇదే న్యాయమైన పద్ధతి.

మా సూపర్‌వైజర్ దీనికీ ఒప్పుకోలేదు. గెలిచేది ఇంకా వాళ్లే కదా అంటాడు. అప్పుడు నేను మేరియా స్టీన్ మాట ఎత్తుతాను. పశ్చిమ ఒహాయోలో మెర్సర్ కౌంటీలోని పల్లె అది. అక్కడి మేరియన్ లోకల్ పబ్లిక్ స్కూల్ 2000 నుంచి డజనుకు మించి రాష్ట్ర ఫుట్‌బాల్ టైటిళ్లు గెలిచింది. 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగు. 2021 ఫైనల్లో వాళ్లు ఓడించింది నెవార్క్ కేథలిక్ అనే ప్రైవేటు బడిని. మేరియన్ లోకల్ ఎవరినీ బయట నుంచి తెచ్చుకోలేదు. జర్మన్ కేథలిక్ రైతు కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉన్నాయి, ఊరు వదిలి వెళ్లేవాళ్లు తక్కువ, పిల్లలు చిన్న తరగతుల నుంచే ఒకే పద్ధతిలో ఆడతారు. బయటివాళ్లను లెక్కపెట్టే ఏ సూత్రమూ వాళ్లను ఆపలేదు, ఆపకూడదు కూడా. వాళ్ల చేతిలో ఓడితే బాధ ఉంటుంది గానీ అన్యాయం జరిగిందన్న మాట ఉండదు.

మన తెలుగువాళ్లం ఇక్కడ ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. "పబ్లిక్ బడి అంటే ఎవరు ఉంటే వాళ్లే" అన్న మాట మా ఊరికి నిజం. ఒహాయోలోనే ఉన్న సోలన్, డబ్లిన్ లాంటి సంపన్న సబర్బులకి నిజం కాదు. నా స్నేహితులు ఇల్లు కొనేటప్పుడు ముందు చూసేది వంటగది కాదు, స్కూల్ జిల్లా రేటింగ్. అదే ఇల్లు రోడ్డుకి అవతల జిల్లాలో ఉంటే చవకగా వస్తుందని తెలిసి కూడా ఇవతలే కొంటారు. ప్రైవేటు బడి ఫీజు రూపంలో వడపోస్తుంది, సంపన్న సబర్బ్ ఇంటి ధర రూపంలో వడపోస్తుంది. ఆ బడులు పెద్ద డివిజన్లలో ఉంటాయి కాబట్టి మా గొడవలోకి రావు. కానీ పిల్లల్ని ఎంచుకునేది ప్రైవేటు బడి ఒక్కటే అన్నట్టు మాట్లాడితే నేను ఊరుకోలేను.

2023లో వోచర్ల చట్టం మారాక ఈ చర్చ ఇంకా ముదిరింది. ప్రైవేటు బడి ఫీజుకి ప్రభుత్వం ఇచ్చే ఎడ్‌చాయిస్ సాయాన్ని ఆ ఏడాది అన్ని ఆదాయాల వాళ్లకూ తెరిచారు. ఆదాయం పెరిగేకొద్దీ మొత్తం తగ్గుతుంది. హైస్కూల్ పిల్లవాడికి మొదటి ఏడు గరిష్ఠంగా 8,407 డాలర్లు. మా ల్యాబ్ ఆవిడకి శనివారాలు కొన్ని ఇంట్లో గడపడానికి వీలు చిక్కింది, అందుకు నాకు సంతోషమే. అదే సమయంలో మా ఊరి బడి లెవీ మీద బతుకుతోంది. ఇక్కడ బడికి అదనపు డబ్బు కావాలంటే ఆస్తి పన్ను పెంచమని ఊరిని ఓటు అడగాలి. ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 1997లోనే రాష్ట్ర సుప్రీంకోర్టు అంది, పద్ధతి మాత్రం చాలావరకు అలాగే ఉంది. లెవీ ఓడితే ముందు కోత పడేది ఆటలకే. ఆడాలంటే కుటుంబమే ఫీజు కట్టాలి. ఇల్లు కొన్న రోజు నుంచి నేను ఆ పన్ను కడుతున్నాను. గ్రీన్‌కార్డ్ వరుసలో ఉన్నాను కాబట్టి లెవీ మీద ఓటు మాత్రం లేదు.

ఓటు లేనివాడు ఉత్తరమైనా రాయొచ్చు. మా అమ్మాయి హైస్కూల్ వాలీబాల్ టీంలోకి వచ్చాక ప్రిన్సిపల్‌కి రాశాను. ఉన్న లెక్కను ఉంచండి, దానికి పేదరికాన్ని కలపండి అని. మినసోటాలో ఉచిత, రాయితీ భోజనానికి అర్హులైన పిల్లల్లో కొంత భాగాన్ని తీసేసి బడి పరిమాణం లెక్కగడతారు. ఆట బూట్లు కొనలేని ఇల్లు, వేసవి క్యాంపుకి పంపలేని ఇల్లు ఎక్కువగా ఉన్న బడి, ప్రైవేటైనా పబ్లికైనా, కాగితం మీద కనిపించేంత పెద్దది కాదు కదా.

ఆయన పిలిచి మాట్లాడారు. ఒక చిక్కు చెప్పారు. కొన్ని బడుల్లో ఇప్పుడు అందరికీ భోజనం ఉచితమే, కాబట్టి ఆ అంకె పేదరికాన్ని సరిగా చూపదు. అది నిజమే. మా లీగ్ బడులన్నిటికీ వేరే లెక్కలతో ఒక పట్టిక చేసివ్వగలరా, మే నెలలో ప్రిన్సిపల్స్ ఓటింగ్‌కి ముందు తోటివాళ్లకి చూపిస్తాను అన్నారు. రాష్ట్ర విద్యాశాఖ ఏటా ప్రకటించే వివరాలు తీసుకుని రాత్రిళ్లు ఆ పట్టిక కడుతున్నాను. ఇప్పటికి వచ్చిన లెక్క ప్రకారం మా లీగ్‌లో రెండు బడులు కింది డివిజన్‌లోకి వెళ్తాయి. మా బడి కదలదు. మా సూపర్‌వైజర్ ఆ కాగితం చూసి, "మనకేమీ రాలేదుగా" అన్నాడు. రాలేదన్నాను. అయితే ఆ రెండు బడుల్లో ఒకదానితో మేం ప్రతి అక్టోబర్‌లో ఆడతామనీ, వాళ్ల టీంలో సగం మందికి మోకాలి ప్యాడ్లు చందాలతో నడిచే బూస్టర్ క్లబ్ కొనిపెడుతుందనీ ఆయనే చెప్పాడు. ఆ వివరం కూడా పట్టిక కింద రాశాను.